జేబు పిస్టల్ మొరాయించకూడదంటే ముందు మ్యాగజైన్ చూడండి

జేబులో పట్టే చిన్న పిస్టల్‌కి లైసెన్సు ఉన్నవాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు మరీ ఎక్కువమంది లేరు. జీడిపప్పు వ్యాపారం చేసేవాళ్లు, ధాన్యం, జనపనార కొనుగోళ్లకి నగదుతో తిరిగేవాళ్లు, మిలిటరీ నుంచి రిటైరై వచ్చినవాళ్లు, తాతల నాటి ఆయుధం వారసత్వంగా వచ్చినవాళ్లు, అంతే. వీళ్లలో చాలామంది ఆ పిస్టల్‌ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేసి, పని పడిన రోజున తీసి నేరుగా జేబులో వేసుకుంటారు. అది పేలుతుందా లేదా, మొదటి రౌండ్, అంటే తూటా, పేలాక రెండోది ఎక్కుతుందా లేదా అన్న ఆలోచనే రాదు. నా బెంగంతా దాని గురించే. ఆయుధం ఇంట్లో ఉన్నందుకు మోయాల్సిన బాధ్యత, ప్రమాదం, కాగితాల పని అన్నీ మోస్తూ, తీరా ప్రాణం మీదకి వచ్చినప్పుడు అది పనిచేయకపోతే అన్ని విధాలా నష్టపోయినట్టే.

పిస్టల్ ఒక్కటీ బాగుంటే చాలదు. ఆ పిస్టల్, తూటాలు నింపి దాని పిడిలోకి దూర్చే ఆ మ్యాగజైన్ అనే డబ్బా, ఆ తూటాలు, దాన్ని పెట్టుకునే ఆ జేబు, నాలుగూ కలిపి పరీక్షించాలి. ఈ నాలుగింటిలో తొందరగా చెడేదీ, మనం అస్సలు పట్టించుకోనిదీ మ్యాగజైనే.

ఏది చూడాలన్నా ముందు ఆయుధం ఖాళీ చేయండి. ఈ వరస మారకూడదు: మొదట మ్యాగజైన్ బయటికి తీయాలి, ఆ తర్వాత స్లైడ్, అంటే పైన వెనక్కీ ముందుకీ జరిగే ఇనుప భాగం, వెనక్కి లాగి చాంబర్‌లో, అంటే పేలడానికి రౌండ్ కూర్చునే గదిలో, ఉన్న రౌండ్ బయటికి పడేయాలి, తర్వాత స్లైడ్ వెనక్కే పట్టుకుని చాంబర్‌లోకి కళ్లతో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడాలి. వరస తిరగబడిందంటే, అంటే ముందు స్లైడ్ లాగి తర్వాత మ్యాగజైన్ తీస్తే, చాంబర్‌లోకి కొత్త రౌండ్ ఎక్కి కూర్చుంటుంది, మీరేమో ఖాళీ అనుకుంటారు. మ్యాగజైన్ తీసేస్తే పేలదు అన్న మాట నమ్మొద్దు. కొన్ని మోడళ్లలో ఆ ఏర్పాటు ఉంటుంది, చాలావాటిలో ఉండదు. నిజం రౌండ్లు వేరే గదిలో పెట్టి, తలుపు వేసుకుని, పిల్లలు లేనప్పుడు కూర్చోండి.

చిన్న పిస్టల్ పెద్దదాని కంటే ఎందుకు ఎక్కువ మొరాయిస్తుందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. స్లైడ్ పొట్టిది, తేలికైనది, కాబట్టి వెనక్కి వెళ్లి ముందుకి రావడం చాలా వేగంగా జరిగిపోతుంది. ఆ కాస్త సమయంలోనే ఖాళీ కేసు, అంటే తూటా పేలాక మిగిలే గొట్టం, బయటికి పోవాలి, మ్యాగజైన్ స్ప్రింగ్ కింది రౌండ్‌ని పైకి తేవాలి, స్లైడ్ దాన్ని చాంబర్‌లోకి తోయాలి. పెద్ద పిస్టల్‌లో స్ప్రింగ్ కొంచెం నీరసపడినా, కొంచెం మురికి పట్టినా ఎలాగో నెట్టుకొస్తుంది. చిన్నదానికి ఆ వెసులుబాటు లేదు. పైగా పిడి చిన్నది, రెండు వేళ్లే పడతాయి, పట్టు వదులైతే దెబ్బకి పిస్టల్ మొత్తం వెనక్కి ఊగి స్లైడ్ పూర్తి దూరం పోదు. దానితో ఖాళీ కేసు సగంలో ఇరుక్కుంటుంది.

మన దేశంలో మామూలు లైసెన్సు మీద 9 ఎంఎం దొరకదు, ఆ బోరు, అంటే గొట్టం లోపలి కొలత, నిషేధితం. కాబట్టి జేబు పిస్టల్ అంటే మనకి ప్రధానంగా .32, అంటే 7.65 ఎంఎం. ప్రభుత్వ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన అశనీ పిస్టల్ ఇదే బోరు. పాత కుటుంబాల దగ్గర వెబ్లీ అండ్ స్కాట్, బ్రౌనింగ్ లాంటివి .32లోనో, ఇంకా చిన్నదైన .25లోనో కనిపిస్తాయి. ఈ రెండు తూటాలూ జాన్ బ్రౌనింగ్ రూపొందించినవే, .32 అయితే 1899 నాటిది. ఆ కాలం నాటి లక్షణం ఒకటి ఈ తూటాల్లో అలాగే ఉండిపోయింది: కేసు అడుగున ఉండే అంచు, దాన్ని రిమ్ అంటారు, కేసు ఒంటి కంటే కొద్దిగా బయటికి పొడుచుకుని ఉంటుంది. చూస్తే కనపడీ కనపడనంత. గోరుతో కేసు పక్కన కిందికి గీస్తే చివర్లో తగులుతుంది.

ఈ కాస్త అంచు వల్లే .32 పిస్టళ్లలో రిమ్ లాక్ అనే జబ్బు వస్తుంది. మ్యాగజైన్‌లో రౌండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచుకి ముందు ఉండాలి, ముందు అంటే బ్యారెల్ వైపు. పక్క నుంచి చూస్తే అంచులన్నీ మెట్లు మెట్లుగా ముందుకి జరుగుతూ పైకి రావాలి. ఎక్కడో ఒకచోట పై రౌండ్ అంచు కిందిదానికి వెనక పడిందా, ఇక స్లైడ్ ఎంత తోసినా పై రౌండ్ కింది అంచుకి తగులుకుని కదలదు. ఈ జామ్‌ని మామూలుగా మ్యాగజైన్ అడుగున ఒక చరుపు చరిచి స్లైడ్ లాగితే వదిలించలేరు. మ్యాగజైన్ బయటికి తీసి, బొటనవేలితో కింది రౌండ్లు నొక్కి, చిక్కుకున్నదాన్ని విడదీయాల్సిందే. అపాయం ఎదురుగా ఉన్నప్పుడు అది అయ్యే పని కాదు.

ఇది రాకుండా రెండు జాగ్రత్తలు సరిపోతాయి. నింపేటప్పుడు ప్రతి రౌండ్‌నీ కిందిదాన్ని నొక్కి, దాని అంచుకి ముందుగా తన అంచు పడేలా జరిపి పెట్టాలి. తొందరపడి టపటపా గుచ్చేయకూడదు. రెండోది, తూటా పూర్తి పొడవుది వాడాలి. ఈ తూటా మొత్తం పొడవు 25 ఎంఎం దాకా ఉంటుంది, మ్యాగజైన్లు చేసింది ఆ పొడవుకే. ముందు గుంట ఉండే హాలో పాయింట్ రకాలు కొన్ని అంతకంటే పొట్టివి. పొట్టిదైతే మ్యాగజైన్‌లో ముందూ వెనకా ఖాళీ మిగిలి, బండి మీద గతుకుల్లో వెళ్తున్నప్పుడు జేబులోనే రౌండ్లు కదిలి అంచులు తారుమారవుతాయి. అమెరికాలో 1999లో వచ్చిన కెల్‌టెక్ పి-32 అనే బాగా చిన్న పిస్టల్ వాడేవాళ్లు కూడా ఈ కారణంగానే పొట్టి తూటాల గురించి హెచ్చరించుకుంటారు. నా మాటగా చెప్పాలంటే .32లో గుండ్రటి ముక్కు, పూర్తి లోహపు తొడుగు ఉన్న మామూలు ఫుల్ జాకెట్ తూటానే పెట్టుకోండి. పిస్టల్ లోపల సాఫీగా ఎక్కడం అన్నిటికంటే ముఖ్యం.

ఇక మ్యాగజైన్‌ని బల్ల మీద పెట్టి పరీక్షించే పద్ధతి. మంచి వెలుతురు, ఒక చేతిగుడ్డ, చివర రబ్బరు ఉన్న పెన్సిల్, కొన్ని డ్రిల్ రౌండ్లు చాలు. డ్రిల్ రౌండ్లంటే మందు లేని డమ్మీలు, మిలిటరీలో చేసి వచ్చినవాళ్లని అడిగితే చెప్తారు. అవి లేకుండా నిజం తూటాలతో ఇంట్లో స్లైడ్ లాగి లాగి చూడొద్దు, ఎంత అనుభవం ఉన్నా సరే.

ముందు మ్యాగజైన్ పైనుండే రెండు అంచులు, లిప్స్ అంటారే, అవి చూడండి. పై రౌండ్‌ని పట్టి ఉంచేదీ, దాన్ని ఏ కోణంలో వదలాలో నిర్ణయించేదీ అవే. రెండూ ఒకే ఎత్తులో, ఒకే వంపులో ఉన్నాయా, ఎక్కడైనా పగులు, సొట్ట ఉందా చూడాలి. నిండు మ్యాగజైన్ ఒకసారి సిమెంటు గచ్చు మీద తలకిందులుగా పడిందంటే లిప్ వంగే అవకాశం ఉంది, వంగింది కంటికి తెలియకపోవచ్చు కూడా. అందుకే పక్కన ఇంకో మ్యాగజైన్ ఉంటే రెండూ తలలు ఆనించి పోల్చి చూడండి. తర్వాత పెన్సిల్ రబ్బరు వైపుతో లోపలి ఫాలోయర్‌ని, అంటే రౌండ్లు కూర్చునే పలకని, అడుగుదాకా నొక్కి వదలండి. ఆగకుండా టక్కున పైకి రావాలి. మధ్యలో ఎక్కడో నసిగినట్టు ఆగి మళ్లీ కదిలితే లోపల తుప్పో, మురికో, గోడకి సొట్టో ఉన్నట్టే. మెల్లగా నొక్కుతూ, నాలుగు చోట్ల ఆపి వదిలి చూడండి. డ్రిల్ రౌండ్లు నిండా పెట్టి తలకిందులుగా పట్టుకుని ఊపండి, ఒక్కటి కూడా జారకూడదు. తర్వాత బొటనవేలితో ఒక్కో రౌండ్‌నీ ముందుకి తోసి బయటికి తీయండి. చివరి రెండు రౌండ్ల దగ్గర స్ప్రింగ్ బలం ఎలా ఉందో గమనించాలి, నీరసం ముందు బయటపడేది అక్కడే. చివరి రౌండ్ ముక్కు కిందికి వాలి, బద్ధకంగా పైకి వస్తుంటే ఆ స్ప్రింగ్ మార్చాలి.

విప్పి శుభ్రం చేసుకోగలిగే మ్యాగజైన్ అయితే అడుగు ప్లేటు జరిపేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టండి, లేకపోతే స్ప్రింగ్ ఎగిరి కంటికి తగులుతుంది. విప్పకముందే ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. స్ప్రింగ్‌కి పైవైపు, కిందివైపు, ముందు, వెనక అన్నీ ఉంటాయి, తిరగేసి పెడితే ఫాలోయర్ వంకరగా కూర్చుని మొదటి నుంచీ సతాయిస్తుంది. కొన్ని పాత మ్యాగజైన్లకి అడుగు ఊడదు, వాటిని బలవంతంగా విప్పొద్దు, పై నుంచి గుడ్డ చుట్టిన పుల్లతో తుడవడమే. లోపల నూనె రాసి వదిలేయడం అలవాటు చాలామందికి. అది మంచిది కాదు. నూనె దుమ్ముని పట్టుకుంటుంది, అక్కడి నుంచి తూటా అడుగుకి పాకి, మందుని అంటించే ప్రైమర్‌ని పాడు చేస్తుంది. పల్చగా రాసి, మళ్లీ పొడిగుడ్డతో పూర్తిగా తుడిచేయాలి, చేతికి తడి తగలకూడదు.

ప్రతి మ్యాగజైన్ మీదా అడుగున పెయింట్‌తో ఒకటి, రెండు అని నంబరు వేయండి. చిన్న పనే గానీ దీనికి మించిన పని లేదు. జామ్ అయినప్పుడల్లా ఏ నంబరు మ్యాగజైనో ఒక పుస్తకంలో రాసుకుంటే, తప్పు పిస్టల్‌దా మ్యాగజైన్‌దా అన్నది వెంటనే తేలిపోతుంది. రెండు మ్యాగజైన్లలోనూ ఒకేలా ఇరుక్కుంటే పిస్టల్‌ని అనుమానించాలి. ఒక్కదాంట్లోనే అయితే ఆ ఒక్కదాన్నీ పక్కన పెట్టేయాలి, ప్రాక్టీసుకి పనికొస్తుంది కదా అని కూడా ఉంచుకోవద్దు, ఎప్పుడో తొందరలో అదే జేబులోకి వస్తుంది.

స్ప్రింగ్ విషయంలో ఒక అపోహ ఉంది, నింపి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుందని. మంచి స్ప్రింగ్‌ని అరగదీసేది ఎక్కువగా నింపడం, ఖాళీ చేయడమే, ఊరికే నొక్కి ఉండటం అంతగా కాదు. అయినా పాత కాలం మ్యాగజైన్లకి నిండా కుక్కకుండా ఒకటి తక్కువ పెట్టడమే నయం.

ఇప్పుడు జేబు. మన దగ్గర అసలు శత్రువు ఇక్కడే ఉంది. సోంపేట, బారువ, కళింగపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్లలో గాల్లోనే ఉప్పు, ఏప్రిల్ నుంచి ఉక్కపోత, ఆపైన చెమట. తొడకి ఆనుకుని రోజంతా ఉన్న పిస్టల్‌ని సాయంత్రం చూడండి, పిడి పక్కన, మ్యాగజైన్ అడుగు అంచున ఎర్రటి చుక్కలు మొదలై ఉంటాయి. కాబట్టి జేబులో పెట్టుకున్న రోజు సాయంత్రం మ్యాగజైన్ తీసి, రౌండ్లు తీసి, అన్నీ పొడిగుడ్డతో తుడవడం తప్పనిసరి. వానాకాలంలో, తుపాను రోజుల్లో ఇంట్లో ఉన్నా వారానికొకసారి చూడండి. తోలు హోల్‌స్టర్‌లోనే ఉంచి బీరువాలో పెట్టొద్దు, తోలు తేమని పీల్చి పట్టుకుంటుంది. విడిగా, సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో, తాళం వేసి పెట్టాలి.

రెండో శత్రువు పీచు. కాటన్ జేబు అడుగున నలిగిన దూది ఎప్పుడూ ఉంటుంది. గోనెసంచుల గోడౌన్లలో, జనపనార మిల్లుల్లో తిరిగేవాళ్ల జేబులు తిరగేస్తే ఇంకా ఎక్కువ రాలుతుంది. అది పిస్టల్‌లో మ్యాగజైన్ పైభాగానికీ, ఖాళీ కేసుని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు కిందికీ, వెనక సుత్తిలా కొట్టే హ్యామర్ ఉన్నవాటికి హ్యామర్ సందుకీ చేరుతుంది. జీడి ఫ్యాక్టరీ మనుషులు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి, జీడిగింజ పెంకు నూనె అంటిన చేతులతో పిస్టల్ ముట్టుకోవద్దు, ఆరాక అది బంకలా అతుక్కుపోతుంది. పిస్టల్ ఉన్న జేబులో ఇంకేమీ ఉండకూడదు, తాళాలు, చిల్లర, వక్కపొడి పొట్లం, ఏదీ. ట్రిగ్గర్‌ని పూర్తిగా కప్పే జేబు హోల్‌స్టర్ ఉండి తీరాలి. ట్రిగ్గర్‌లోకి తాళంచెవి దూరితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

దసరాలో ఆయుధపూజ రోజున మరీ జాగ్రత్త. పసుపు, కుంకుమ, గంధం పిస్టల్ మీదే పెట్టేస్తారు, కొందరు స్లైడ్ మీద బొట్టు పెట్టి పైన అక్షింతలు వేస్తారు. భక్తి మంచిదే. కానీ నూనె రాసిన ఇనుము మీద పడిన కుంకుమ ముద్దగా మారి స్లైడ్ గాడిలోకి, మ్యాగజైన్ నోట్లోకి దిగుతుంది, మర్నాడు పైపైన తుడిస్తే పోదు. పిస్టల్‌ని ఖాళీ చేసి దాని పెట్టెలో పెట్టి, మూత వేసి, ఆ పెట్టెకి బొట్టు పెట్టండి. అమ్మవారు ఏమీ అనుకోదు.

జేబులో జరిగే ఇంకో మోసం మ్యాగజైన్ బటన్. పిడి పక్కన బటన్ ఉండే మోడళ్లలో బండి ఎక్కి దిగేటప్పుడు బటన్ నొక్కుకుపోయి మ్యాగజైన్ ఒక్క వెంట్రుకవాసి కిందికి జారుతుంది, పూర్తిగా ఊడదు. అలా ఉంటే చాంబర్‌లో రౌండ్ ఉన్నా ఆ ఒక్కటే పేలి, రెండోది ఎక్కదు. జేబులో పెట్టే ముందు మ్యాగజైన్‌ని అరచేత్తో గట్టిగా తోసి, వేళ్లతో కిందికి లాగి చూడటం అలవాటు చేసుకోండి. పిడి అడుగున కొక్కెం ఉండే పాత మోడళ్లకి ఈ బాధ తక్కువ. చాంబర్ సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా: పాత పిస్టళ్లలో కింద పడితే పేలకుండా ఆపే లోపలి ఏర్పాటు చాలావాటికి లేదు. కొత్తవాటిలోనూ చూసుకోవాలి, 2008లో రూగర్ కంపెనీ కింద పడితే పేలే ప్రమాదం ఉందని తన చిన్న పిస్టల్ ఎల్‌సీపీని వెనక్కి పిలిపించింది. మన వాడకానికి చాంబర్ ఖాళీగా ఉంచి జేబులో పెట్టుకోవడమే నేను చెప్పే పద్ధతి.

తూటాల దగ్గర ఒక చిన్న పరీక్ష. రోజూ ఎక్కించి దించే అలవాటు ఉన్నవాళ్లకి పై రౌండ్ ఎప్పుడూ అదే ఉంటుంది. అది పదే పదే చాంబర్ ముందున్న వాలుకి గుద్దుకుని, బుల్లెట్ కేసులోకి కొద్ది కొద్దిగా దిగిపోతుంది. దాన్నీ పెట్టెలోంచి తీసిన కొత్త రౌండ్‌నీ గాజు బల్ల మీద పక్కపక్కనే నిలబెట్టి, కళ్లు ఆ ఎత్తుకి తెచ్చి చూడండి. తేడా కనిపిస్తే ఆ రౌండ్‌ని ఇక పేల్చొద్దు, లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. విడిగా పెట్టి లైసెన్సు ఉన్న డీలర్‌కి ఇచ్చేయండి. పచ్చటి మరక పట్టిన కేసులు, అడుగు ప్రైమర్ మసకబారినవి కూడా అంతే.

నిజంగా పేల్చి చూడటం అనుమతి ఉన్న రేంజిలోనే. తోటలో కొబ్బరి మట్టకో, పెళ్లి ఊరేగింపులో గాల్లోకో పేల్చి టెస్ట్ చేశామనుకోవద్దు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత సంబరాల్లో పేల్చినందుకే 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. రేంజికి వెళ్లినప్పుడు జేబులో పెట్టుకునే అదే రకం తూటాలు, అదే మ్యాగజైన్లు తీసుకెళ్లండి. ప్రతి మ్యాగజైన్‌నీ కనీసం మూడుసార్లు నిండా నింపి ఒక్క జామ్ లేకుండా ఖాళీ చేయగలగాలి, కొత్త మ్యాగజైన్ అయితే ఇంకా ఎక్కువ. మన దగ్గర తూటాలు ఖరీదు, లైసెన్సు మీద కోటా కూడా ఉంటుంది, అందుకే ఇది భారమే, నాకు తెలుసు. అయినా తగ్గించొద్దు. ఒకసారి ఒంటిచేత్తో కూడా కాల్చి చూడండి, అపాయంలో రెండు చేతులూ ఖాళీగా ఉంటాయన్న గ్యారంటీ లేదు.

జామ్ అయితే రేంజిలో తొందరపడకుండా ఏమైందో చూడండి. రౌండ్ ముక్కు చాంబర్ కింద వాలుకి పొడుచుకుని ఆగితే తప్పు మ్యాగజైన్ లిప్స్‌దో, స్ప్రింగ్‌దో. స్లైడ్ ముందుకి పోయింది గానీ చాంబర్‌లో రౌండే లేదంటే స్ప్రింగ్ సమయానికి పైకి తేలేదు, లేదా మ్యాగజైన్ సరిగ్గా కూర్చోలేదు. ఖాళీ కేసు స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుంటే పట్టు వదులు, లేదా ఎక్స్‌ట్రాక్టర్ కింద మురికి. క్లిక్ అని పేలకపోతే పిస్టల్‌ని గురివైపే ఉంచి అర నిమిషం ఆగండి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. ఆ తర్వాత తీసి ప్రైమర్ మీద గుంట చూడండి, లోతుగా ఉంటే తూటా తప్పు, పైపైన ఉంటే పిస్టల్‌ది.

ఇవన్నీ చూశాక లిప్స్ వంగాయని తేలితే పటకారు తీసుకోవద్దు. ఇంట్లో వంచిన లిప్ సరిగ్గా కుదరదు, విరిగితే ఇంకా ప్రమాదం. పైగా ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతు కూడా లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి, ఊళ్లో కమ్మరి దగ్గరికో లేత్ వర్క్‌షాపుకో తీసుకెళ్లడం నేరం. కొత్త మ్యాగజైన్ లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే, బిల్లుతో, వీలైతే పిస్టల్ చేసిన కంపెనీదే కొనండి. పాత విదేశీ పిస్టల్‌కి మ్యాగజైన్ దొరక్కపోతే, ఉన్న ఒక్కటీ పరీక్షలో నిలవకపోతే, ఆ పిస్టల్‌ని ఇక మోయొద్దు. ఎంత జ్ఞాపకం ఉన్న వస్తువైనా సరే.

బయటికి తీసుకెళ్లే విషయంలో 2016 ఆయుధ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. బహిరంగ ప్రదేశంలో పిస్టల్ హోల్‌స్టర్‌లోనో అలాంటి దాంట్లోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. తాగి ఆయుధం పట్టుకుని తిరిగితే లైసెన్సు పోవచ్చు. సిరిమానోత్సవం లాంటి జనసముద్రంలోకి, పెళ్లిళ్లకి, సభలకి తీసుకెళ్లకపోవడమే మంచిది.

ఎన్నికలప్పుడు ఆయుధం డిపాజిట్ చేయమని నోటీసు వస్తే ఇచ్చే ముందు రోజే పిస్టల్ ఖాళీ చేసి, తుడిచి, బయటి ఇనుముకి పల్చగా నూనె రాయండి. మ్యాగజైన్లలో రౌండ్లేమీ లేకుండా చూసి, ఒక్కోదాన్నీ విడిగా పొడి కవర్‌లో సిలికా జెల్ వేసి కట్టండి. రసీదులో పిస్టల్ నంబరుతో పాటు ఎన్ని మ్యాగజైన్లు, ఎన్ని తూటాలు ఇచ్చారో రాయించుకోండి. మీరు వేసిన పెయింట్ నంబర్లు కూడా రాయించుకోగలిగితే మరీ మంచిది. తిరిగి వచ్చాక నేరుగా జేబులో పెట్టుకోకుండా, పెన్సిల్ పరీక్ష నుంచి రేంజి దాకా అన్నీ మళ్లీ మొదటి నుంచి చేయండి.